గంజి పెట్టిన కిల్టు

అరోరా, ఇల్లినాయ్
మార్చి 8

అక్కకి వందనాలు.

ఈస్టర్ ముందు ఈ నలభై రోజుల శ్రమకాలం అయిపోయేదాకా ఫోన్ ముట్టనని ఒట్టు పెట్టుకున్నావని బావ చెప్పాడు. ఫోన్ బీరువాలో పెట్టి తాళం తన చేతికే ఇచ్చావట. పోయినేడు కాఫీ మానేసినప్పుడు ఇంటిల్లిపాదీ పడ్డ బాధ చూశాను కాబట్టి, ఇది చాలా నయమనిపించింది. మన ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచి ఎన్నేళ్ళయిందో! స్టాంపులు ఎక్కడ అమ్ముతారని నీ మరదలు అబిగేల్‌ని అడగాల్సొచ్చింది.

ఒక సంగతుంది. కూర్చుని చదువు.

మా తెలుగు సంఘం ఆరాధన జరిగే చర్చి అమెరికన్ వాళ్ళదని నీకు తెలుసుగా. పొద్దున వాళ్ళు, మధ్యాహ్నం మేము. వాళ్ళలో చాలామంది తాతముత్తాతలు స్కాట్లండ్ వాళ్ళు. ఒక్కో వంశానికి ఒక్కో రకం గళ్ళట. ఏడాదికోసారి ఒక ఆదివారం ఎవరి వంశం గళ్ళబట్ట వాళ్ళు చర్చికి తెచ్చి ప్రార్థన చేయించుకుంటారు. బ్యాగ్‌పైప్ బ్యాండు తలుపు దగ్గర మొదలుపెట్టి, రెండు వైపుల బెంచీల మధ్యనుంచి పాస్టరు నిలబడే పుల్పిట్ దాకా వాయిస్తూ నడుస్తుంది. ఈసారి మే మొదటి ఆదివారం. ఉమ్మడి ఆరాధన అని మమ్మల్నీ పిలిచారు.

వాళ్ళ డ్రమ్మరు అరిజోనా వెళ్ళిపోయాడు. బ్యాండు లీడరు గ్రెగ్ అని, స్కూలు బస్సు నడిపి రిటైరైన పెద్దాయన. మర్చిపోయిన గొడుగు కోసం ఓ మధ్యాహ్నం వచ్చి, నేను డోలక్ వాయిస్తుంటే పాట అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడిపోయాడు. మర్నాడే ఫోన్. 'మాకు డ్రమ్ము వాయిస్తావా?' అని. నేను ముందూ వెనకా చూడకుండా ఊఁ అనేశాను.

బ్యాండులో వాయించాలంటే కిల్టు, అదే స్కాట్లండ్ మగవాళ్ళు నడుంకి చుట్టుకునే కుచ్చిళ్ళ గళ్ళబట్ట, కట్టాలి. గ్రెగ్ మంచి సలహా ఇచ్చాడు. ఊలుతో కుట్టించుకునే అసలు కిల్టు జోలికి ఇప్పుడే పోవద్దన్నాడు. ముందు చవకది కొనుక్కో, ఇంట్లో నెలరోజులు కట్టుకుని తిరుగు, ఒంటికి నప్పితే అప్పుడు చూద్దాం, నప్పకపోతే కారు తుడుచుకో అన్నాడు. నిన్న ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. ఏ వంశానిదీ కాని గళ్ళట, ఎవరైనా కట్టుకోవచ్చట.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. అవునక్కా, మోకాళ్ళ దాకే ఉంటుంది. అవును, నా ఎడమ కాలికున్న ఇనుప కాలిపర్ కనిపిస్తుంది.

నీ తమ్ముడు
మోజెస్

---

ఎడిసన్, న్యూజెర్సీ
మార్చి 14

ఒరేయ్ మోజెస్,

ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి బతికిపోయావు. లేకపోతే ఈపాటికి ఫోన్లో నిన్ను ఉతికి ఆరేసేదాన్ని.

నీకు రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. నువ్వు హైస్కూల్లో చేరిన రోజునుంచీ నీ ప్యాంట్లు కుడుతున్నది ఎవరు? ఎడమ కాలు ఇనుము పట్టేంత వెడల్పు, కుడి కాలు మామూలు, చూసేవాడికి రెండూ ఒకేలా కనిపించాలి. ఆ కటింగు ఎంత కష్టమో ఏ దర్జీనైనా అడుగు. ఇక్కడికొచ్చాక కూడా మానలేదు. ఓక్ ట్రీ రోడ్డులో మన ఇండియా కొట్లలో బట్ట కొని, కుట్టి, నీకు పార్సెల్ చేస్తూనే ఉన్నాను. నీ ఆఫీసులో సగం మందికి నీకు మడమ బెణికిందనే తెలుసు. అదంతా దేనికి? నువ్వు గళ్ళ లంగా కట్టుకుని మూడొందలమంది ఎదట కాలు చూపించడానికా?

డోలక్ వాయించు. ఎవరొద్దన్నారు? కీబోర్డు వెనక నీ స్టూలు నీకుంది. అక్కడ హాయిగా కూర్చుని దేవుణ్ణి స్తుతించక, ఈ నడక నీకెందుకు చెప్పు. మీ సంఘంలో ఆడవాళ్ళు ఎలాంటివాళ్ళో నాకు తెలీదా? ఆ ఆదివారం సాయంత్రానికల్లా ఈ కబురు డల్లాస్ దాకా పాకుతుంది.

మీ బావకి ఉత్తరం చదివి వినిపించాను, బుద్ధి చెబుతారేమోనని. ఆయన అంతా విని, 'ఆ కిల్టు నలభై నాలుగు నడుంకి దొరుకుతుందా?' అన్నారు. ఆ మనిషితో ముప్ఫై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను.

మానేసెయ్ నాన్నా. నా మాట విను. అబిగేల్‌కి ముద్దులు.

అక్క
నవోమి

తా.క. కట్టుకుంటే మటుకు లోపల నిక్కరు వేసుకుని చావు.

---

అరోరా
మార్చి 24

అక్కకి వందనాలు.

తిట్లు అందాయి. రెండుసార్లు చదువుకున్నాను. నిక్కరు వేసుకున్నాను.

కిల్టు వచ్చింది, కానీ దాని కథ విను. ప్యాంటు నడుం ఎంతో అంత అని రాసి పంపాను. తీరా చూస్తే అది బొడ్డు మీద కట్టుకునేదట. నా బొడ్డు దగ్గర చుట్టుకొలత ఈ మధ్య ఎవరూ కొలవలేదు. బకిల్‌కీ రంధ్రానికీ మధ్య జానెడు ఖాళీ. అబిగేల్ నవ్వి నవ్వి సోఫాలోంచి కిందికి జారింది. తిప్పి పంపి పెద్దది తెప్పించాను.

ఇక రెండో కథ. కొత్తది కట్టుకుని ప్రాక్టీసుకి వెళ్ళాను. అందరూ చాలా మర్యాదగా ఉన్నారు. 'బాగున్నావు' అన్నారు. టీ ఇచ్చారు. డ్రమ్ము తగిలించుకుని నిలబడ్డాను. గ్రెగ్ రెండుమూడు సార్లు దగ్గాడు. ఆఖరికి పక్కకి తీసుకెళ్ళి చెవిలో, 'మోజెస్, కుచ్చిళ్ళు వెనక్కి వస్తాయి' అన్నాడు. నాకేం తెలుసక్కా! మన నాన్న పంచె కట్టినా, నువ్వు చీర కట్టినా కుచ్చిళ్ళు ముందుకేగా! పొద్దున అద్దం ముందు కుచ్చిళ్ళన్నీ బొడ్డుకింద నీటుగా సర్దుకుని, చదునుగా ఉన్నది వెనక్కి వేసుకుని, ఎంత బాగా కట్టానో అని మురిసిపోయాను కూడా. సంగతి చెప్పాక బ్యాండు మొత్తం పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. పంచె ఎలా కడతారో అక్కడే చూపించాను. వాళ్ళకి భలే నచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ప్యాంటు వేసుకుంటే నేను కూర్చున్న ప్రతిసారీ కాలు మడవడానికి మోకాలి దగ్గర కాలిపర్ తాళం గుడ్డలోంచి తడుముకుని తీయాలి. గుడ్డ అందులో ఇరుక్కుంటుంది. మీటింగుల్లో అందరూ కూర్చున్నాక నేనింకా టేబుల్ కింద చెయ్యి పెట్టి పెనుగులాడుతుంటాను. కిల్టులో చెయ్యి కిందికి పెడితే చాలు, తాళం అక్కడే ఉంది. టక్కున తీశాను, కూర్చున్నాను. టక్కున పెట్టాను, లేచాను. అంతే! ఇంత సుఖం ఉంటుందని ఈ వయసొచ్చేదాకా నాకు తెలీదు. నిన్న అది కట్టుకునే మెయిల్ బాక్సు దాకా వెళ్ళొచ్చాను. ఎదురింటాయన చెయ్యూపి చెత్తడబ్బా లోపలికి లాక్కుపోయాడు. ఆకాశం విరిగి మీద పడలేదు.

నాకు ఆ రోజు నడవాలని ఉందక్కా. చాలా ఉంది.

నీతో ఒక పని పడింది. ఇది నా మోకాలి కింద నాలుగు వేళ్ళు దిగుతోంది, తాళానికి అడ్డం వస్తోంది. మోకాలి సగానికి పొట్టి చెయ్యాలి. ఇక్కడ దర్జీకి ఇస్తే పాడుచేస్తాడు. అందుకని నీకే పార్సెల్ పంపుతున్నాను. నువ్వు కుట్టనంటే ఇంకెవరు కుడతారు?

మోజెస్

---

ఎడిసన్
ఏప్రిల్ 4

ఒరేయ్ మోజెస్,

పార్సెల్ వచ్చింది. విప్పకూడదనుకున్నాను. హాల్లో కుర్చీమీద అలాగే పడేసి, వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి మీ బావ దాన్ని కట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. 'గాలి బాగా ఆడుతోందోయ్' అన్నారు. ఎదురింటి గుజరాతీ ఆవిడ కుక్కని తిప్పుతూ చూసి, కుక్కతో సహా ఆగిపోయింది. నా తల కొట్టేసినట్టయింది.

ఆయన ఒంటిమీంచి లాగాక కుట్టు చూశాను. ఛీ ఛీ! అదొక కుట్టా? ఒక మడతకీ ఇంకో మడతకీ పొంతన లేదు. గళ్ళు ఒకచోట ఇటు, ఒకచోట అటు. దారం వేలితో లాగితే ఊడొచ్చేలా ఉంది. ఎంత చవకదైతే మాత్రం! నా తమ్ముడు అది కట్టుకుని నలుగురిలో నిలబడితే, కట్టుకున్నవాడి అక్క నేనని ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుస్తుంది కదా. మొత్తం విప్పేశాను. కుచ్చిళ్ళన్నీ మళ్ళీ పెట్టాను, గడికి గడి కలిసేలా. మూడు రోజులు పట్టింది. శ్రమకాలంలో నాకు ఇంతకంటే శ్రమ ఏం కావాలి.

కాటన్ కలిసిన బట్టే కాబట్టి ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశాను. పొడవు కూడా సరిచేశాను. రేపు పార్సెల్ చేస్తాను. కట్టుకుని చూడు.

ఇది కుట్టినంత మాత్రాన ఒప్పుకున్నానని అనుకోకు.

అక్క

---

అరోరా
ఏప్రిల్ 10

అక్కకి వందనాలు.

కిల్టు అందింది. పెట్టెలోంచి తీసి తలుపు పక్కన ఆనించాను. అది నిలబడింది! నిజంగా, దానంతటదే. అబిగేల్ ఆఫీసు నుంచి వచ్చి ఎవరో వచ్చారనుకుని 'హలో' అంది. కట్టుకుంటే అప్పడాల చప్పుడు. నల్ల గడులమీద తెల్లగా గంజి పొట్టు. గ్రెగ్‌కి ఫొటో పంపితే, నలభై ఏళ్ళలో కిల్టుకి గంజి పెట్టినవాళ్ళని చూడలేదన్నాడు. కుచ్చిళ్ళు దగ్గరగా చూసి మాత్రం, 'ఇది కుట్టిన మనిషి ఎవరు?' అని ఒకటే అడగడం. మా అక్క అని చెప్పాను. గర్వంగానే చెప్పాను.

పొడవు సరిచేశానన్నావు. అక్కా, అడుగున జానెడున్నర నల్లబట్ట అతికావు. పరికిణీ అంచులా. అది ఇప్పుడు నా మడమల దాకా ఉంది. పొట్టి చెయ్యమంటే పొడుగు చేశావు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఆ అంచు కత్తిరిద్దామని కత్తెర తీసుకుని కూర్చున్నాను. నీ కుట్టు చూశాను. లోపలివైపు కూడా అంత నీటుగా ఉంది, చేత్తో వేశావు. కత్తెర పెట్టబుద్ధి కాలేదు.

నిన్ను ఒక్కమాట అడుగుతాను, తిట్టకుండా చెప్పు. నా కాలంటే నీకు సిగ్గా?

నాకు లేదక్కా. ఉందేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ రోజు మెయిల్ బాక్సు దాకా వెళ్ళొచ్చాక లేదని తెలిసింది. నాకున్నది అలసట. మెట్లు ఎక్కేముందు వెనకెవరైనా ఉన్నారా అని చూసుకోవడం, ఫొటోల్లో కుర్చీ వెనక నిలబడటం, మడమ బెణికిందని ఒకరికి, పాత దెబ్బని ఒకరికి చెప్పడం, ఎవరికేం చెప్పానో గుర్తుపెట్టుకోవడం. నేను దాచుకుని దాచుకుని విసిగిపోయాను. మా సంఘం వాళ్ళ ముందు, ఆ అమెరికన్ల ముందు, నీ ముందు ఒక్కసారి ఇలాగే నడిచి చూడాలని ఉంది. పడిపోతే లేస్తాను.

కానీ నీ కుట్టు మీద నా కత్తెర పెట్టను. నువ్వు వద్దంటే గ్రెగ్‌కి రానని చెప్పేస్తాను, నా స్టూలు మీద కూర్చుని డోలక్ వాయిస్తాను. బెదిరింపు కాదు. నిజంగానే.

ఏ సంగతో రాయి.

మోజెస్

---

ఎడిసన్
ఏప్రిల్ 15

నా బంగారం మోజెస్,

నీ ఉత్తరం చదివి పొయ్యిమీద పప్పు మాడబెట్టాను. మీ బావ అదే తిన్నారు.

సిగ్గా! నీ కాలంటే నాకు సిగ్గా! ఆ మాట ఎలా రాయగలిగావురా? అమ్మ పనికి వెళ్తే నిన్ను చంకనేసుకుని తెనాలి ఆస్పత్రికి తిరిగింది నేను. ఆ కాలికి నూనె రాసింది నేను. నాకు సిగ్గు కాదు. భయం. నిన్నెవరైనా చూసి నవ్వుతారని. వాళ్ళు నవ్వకముందే నాకు కోపమొస్తుంది, ఆ కోపం తీర్చుకోవడానికి మనిషి దొరక్క మిషను తొక్కుతాను. అంతే. నా దగ్గరున్నది అదొక్కటే కదా.

నువ్వు అలసిపోయావని నాకు తెలియలేదు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటావు. పార్సెల్ అందగానే 'భలే కుదిరిందక్కా' అంటావు. నాకేం తెలుసు.

గ్రెగ్‌కి వస్తానని చెప్పు. ఆ అంచు నువ్వు ముట్టుకోకు, అబిగేల్‌నీ ముట్టుకోనివ్వకు. నా కుట్టు నేనే విప్పుతాను. ఈస్టర్ అయ్యాక నేనూ మీ బావా వస్తున్నాం, టికెట్లు బుక్ చేశారు. ఆరాధన ముందురోజు మీ ఇంట్లో కూర్చుని మోకాలి సగానికి కుడతాను. నిలబెట్టి కొలుస్తాను, కదిలావంటే గుండుసూది గుచ్చుతాను.

గంజి కూడా ఉతికేస్తాను. ముందే చెప్పొద్దూ, కిల్టుకి గంజి పెట్టరని నాకెలా తెలుస్తుంది?

ఇంకొకటి. మీ బావ కూడా ఒకటి ఆర్డర్ చేశారు. నీదానికంటే చవకది. గళ్ళు ఎర్రవి. దేవుడు నాకు ఓపిక ఇవ్వాలని ప్రార్థన చెయ్యి.

అక్క

---

ఎడిసన్
మే 9

మోజెస్‌కి,

ఫోన్ బీరువాలోంచి బయటికొచ్చి చాలా రోజులైంది. అయినా ఇది ఫోన్లో చెప్పలేను. అక్కడ ఉన్నప్పుడూ చెప్పలేదు. ఎయిర్‌పోర్టులో నీ భుజం మీద కొట్టి వచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు ముందు చూస్తూ నడిచావు. నీ వెనక ఏం జరిగిందో నీకు తెలీదు.

డ్రమ్ము మామూలుగా వెనక ఉంటుందట, ఆ రోజు నిన్ను ముందు పెట్టారు. తలుపు తెరుచుకుంది. నేను ముందునుంచి మూడో బెంచీలో, మీరు నడిచే దారి పక్కనే కూర్చున్నాను, నా పక్కన మీ బావ ఎర్రగళ్ళలో. నువ్వు లోపలికి వచ్చావు. ముందు నేను కుట్టు చూశాను, అబద్ధమెందుకు. మోకాలి సగానికి సరిగ్గా ఉంది. తర్వాత నీ కాలు చూశాను. ఇనుమూ, తోలు పట్టీలూ, మేజోడూ, అన్నీ దీపాల వెలుగులో. మన తెలుగువాళ్ళంతా తలలు తిప్పారు. నువ్వేమో డ్రమ్ము మీద ఒక దెబ్బ, ఒక అడుగు, మొహంలో ఎంత సంతోషమో! నిన్ను అలా నేనెప్పుడూ చూడలేదు.

నువ్వు నా బెంచీ దాటావు. అప్పుడు నీ వెనక వాళ్ళని చూశాను. గ్రెగ్, ఆ తెల్లజుట్టు ఆవిడ, ఆ పొడుగు కుర్రాళ్ళు, అందరూ. కుడికాలు వేసి, ఒక క్షణం ఆగి, ఎడమకాలు బిగదీసి పక్కనుంచి తిప్పి ముందుకి. బ్యాండు మొత్తం. నీ నడక, అచ్చం నీ నడక!

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. నువ్వు హైస్కూల్లో చేరిన మొదటివారం నీకు టిఫిన్ డబ్బా ఇద్దామని వచ్చాను. నువ్వు గేటులోంచి లోపలికి వెళ్తున్నావు. నీ వెనక నలుగురు పిల్లలు వరసగా, నీలాగే కాలు తిప్పుతూ నడుస్తున్నారు. నువ్వు వెనక్కి చూడలేదు. వాళ్ళని తరిమి తరిమి కొట్టాను. ఆ సాయంత్రమే నీ మొదటి వెడల్పు ప్యాంటు కత్తిరించాను.

కాబట్టి నాకు ఏమనిపించి ఉంటుందో చెప్పు. దేవుని మందిరమని కూడా చూడకుండా ఒళ్ళు మండిపోయింది. లేచాను. మూడో బెంచీలోంచి వెళ్ళి ఆ గ్రెగ్ కాలరు పట్టుకునేదాన్నే. మీ బావ నా చీర కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టారు. 'వాళ్ళ మొహాలు చూడు' అన్నారు.

చూశాను. ఒక్కరూ నవ్వడం లేదు. గ్రెగ్ పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. తెల్లజుట్టు ఆవిడ కళ్ళు నీ మడమల మీంచి తీయలేదు, ఎక్కడ అడుగు తప్పుతానో అని. పాపం, ఆ పొడుగు కుర్రాళ్ళలో ఒకడికి రెండుసార్లు తప్పింది, మళ్ళీ కలుపుకున్నాడు. డ్రమ్ము ఎలా నడిస్తే బ్యాండు అలా నడవాలట. తర్వాత కాఫీల దగ్గర మీ బావ అడిగితే గ్రెగ్ చెప్పాడు. నువ్వు ఇంటికెళ్ళాక ప్రతి ప్రాక్టీసులోనూ వాళ్ళు ఇంకో అరగంట ఉండి, నీ నడక నేర్చుకున్నారు. నీకు చెబితే మొహమాటపడతావని చెప్పలేదట.

ఆ బెంచీలో కూర్చుని ఏడ్చాను రా. సంతోషంతోనే. మీ సంఘంలో ఆడవాళ్ళు కూడా ఏడ్చారు, డల్లాస్ దాకా పాకిందో లేదో తెలీదు. పాకనీ! నేనే ఫోన్ చేసి చెబుతాను.

ఇక్కడి కబుర్లు. మీ బావ ఆ ఎర్రగళ్ళతోనే ఓక్ ట్రీ రోడ్డులో దోసెలకి వెళ్ళారు. ఇద్దరు ఎక్కడ కొన్నారని అడిగారట. తెగ మిడిసిపడుతున్నారు.

ఇక చవకది చాలు. మంచి ఊలు బట్ట నేనే చూసి పెట్టాను, ముదురాకుపచ్చ మీద నీలం గళ్ళు. కుట్టేది నేనే, ఇంకెవరికీ ఇవ్వను. అబిగేల్‌ని నీ బొడ్డు మీద టేపు పెట్టి కొలవమను, పొట్ట లోపలికి లాక్కోకు. పొడవు ఎంతో నాకు రాయక్కర్లేదు, నాకు తెలుసు. వచ్చే ఏడు ఆ నడకలో మళ్ళీ నీ వెనక ఎవరెవరు నడుస్తారో నాకు తెలియదు కానీ, ఇప్పుడు రోజూ హాల్లో నేనొక్కదాన్నే ప్రాక్టీసు చేస్తున్నాను. కుడికాలు, ఆగడం, ఎడమకాలు. మీ బావ డబ్బా మీద కొడుతున్నారు. ఎడమకాలు దగ్గర నాకింకా కుదరడం లేదు.

నీ అక్క
నవోమి